కర్ర మీద ఇంకో చెయ్యి

సమ్మయ్య వచ్చేముందు ఫోన్ చేయలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, సుబేదారిలో మా వీధి వీధంతా తలుపులు దగ్గరకు వేసుకుని కునుకు తీసే వేళ. గేటు దగ్గర ఎవరో నిలబడి మా ఇంటి నంబరు రెండుసార్లు చదువుకుంటున్నారు. తెల్లజుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో పాలిథిన్ కవరు. పాలసీలు అంటగట్టే మనిషేమో, కిటికీలోంచే పంపించేద్దామని లేచాను. ఆయన చెప్పులు విప్పి, గోడవారగా, రెండింటి ముందు కొనలూ సమంగా వచ్చేట్టు సర్దిపెట్టాడు. అప్పుడు గుర్తుపట్టాను. పైలట్ శిక్షణలో మా గదుల ముందు బూట్లు అలా పెట్టకపోతే పొద్దున్నే మైదానం చుట్టూ పరిగెత్తించేవాళ్లు. ఆ రోజులు పోయి ముప్పై ఏళ్లు దాటాక నేను చెప్పులు ఎక్కడ పడితే అక్కడ విడుస్తున్నాను. అతను ఇంకా సర్దుతూనే ఉన్నాడు.

"శోభా, నేను సమ్మయ్యను. మడికొండల మా బిడ్డ కొత్తగ ఇల్లు కట్టుకున్నది, ఆడికచ్చిన. పేపర్ల నీ ఫోటో జూసిన. అడుక్కుంట అడుక్కుంట ఈడికచ్చిన."

మామునూరు పాత ఎయిర్‌స్ట్రిప్‌లో మళ్లీ విమానాలు దిగుతాయన్న కబురు వచ్చినప్పటినుంచి, ఊళ్లో ఆకాశం సంగతి ఏం రాయాలన్నా విలేకరులు నా దగ్గరికి వస్తున్నారు. వాయుసేనలో పనిచేసిన ఆడమనిషిని వరంగల్‌లో వెతుక్కోవడానికి వాళ్లకు వేరే దిక్కు లేదు. నేనూ బాగానే మాట్లాడాను. రెండో పేజీలో సగం వచ్చింది. నేను ఎప్పుడూ చెప్పే కథే అది: పైలట్ పరీక్షలో పరీక్షకుడు నాకు సాయం చేసి పాస్ చేశాడని, నాకు ఆ పాస్ వద్దని, మళ్లీ పరీక్ష పెట్టించుకుని నెగ్గానని.

సమ్మయ్య టీ తాగాడు. డోర్నకల్‌లో రైలు ఇంజన్లు నడిపి రిటైరయ్యానని చెప్పాడు. మా హాల్లో గోడకు వేలాడే తరాజును, మా నాన్న, అంటే మా బాపు, దుకాణంలో సరుకులు తూచిన తక్కెడను కాసేపు చూశాడు. తర్వాత కవరులోంచి నాలుగు మడతల పాత కాగితం తీసి, మడతల దగ్గర చిరగకుండా నెమ్మదిగా విప్పి, నా ముందు పెట్టాడు. కార్బన్ అక్షరాలు వెలిసిపోయి ఊదారంగుకు తిరిగాయి. పైలట్ శిక్షణలో అతని ఆఖరి పరీక్ష కాగితం అది.

"ట్రంకు పెట్టె అడుగున దొర్కింది. నువ్వు ఇన్నేండ్లు మందికి పరీక్షలు పెట్టినవ్ గద. జర చదివి చెప్పు. నేను నిజంగ ఫెయిలేనా?"

కళ్లద్దాలు లోపల ఉన్నాయని చెప్పి లేచాను. అద్దాలు నా తలమీదే ఉన్నాయి. లోపలి గదిలో మంచం మీద కూర్చుంటే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, బెల్లం వాసన వచ్చింది.

మా దుకాణం వరంగల్ పాత బజారులో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా పరదా. బెల్లం, చింతపండు, పసుపు, మిరప, కందిపప్పు. ఆ వాసనలు విడివిడిగా ఉండేవి కావు. పొద్దున మిరప ఘాటు పైచేయిగా ఉండేది, మధ్యాహ్నం ఎండ రేకుల మీద పడి బెల్లం మెత్తబడేసరికి ఇల్లంతా తీపి కమ్ముకునేది. ఆ తీపిలో నాకు నిద్ర ముంచుకొచ్చేది. పప్పు బస్తాల మీద వెల్లకిలా పడుకుంటే పైకప్పు రేకుకు ఒక చిల్లు, ఆ చిల్లులోంచి ఒక వెలుగు కడ్డీ, అందులో పసుపు ధూళి. ఆ ధూళి కిందికి పడేది కాదు, పైకీ పోయేది కాదు. దాన్ని చూస్తూ చూస్తూ నేనూ బస్తా మీదినుంచి కాస్త లేచినట్టే అనిపించేది. ఎగరాలన్న కోరిక ఎప్పుడు పుట్టిందని పిల్లలు అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పాను గానీ, నిజానికి అది ఆ బస్తాల మీద పుట్టింది.

నాయనమ్మ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీసేది. వేళ్లు నల్లగా, కొనలు మెత్తగా ఉండేవి. నేను శిక్షణకు వెళ్తానని తేలినరోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, పైన అన్నం ఎక్కడ ఆపుకుని తింటారని. ఆగరని చెబితే నమ్మలేదు. "వరంగల్ మీదికెల్లి పోయినప్పుడు జర నిమ్మళంగ పో బిడ్డా, మేం జూస్తం" అంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక రవాణా విమానంలో ఈ ఊరి మీదుగా పోయాను. భద్రకాళి చెరువు అరచేతిలో నీళ్లంత కనిపించింది. నాయనమ్మ అప్పటికి లేదు. అయినా నిమ్మళంగానే పోయాను.

బాపుది రోజూ ఒకటే వరస. దుకాణం తెరిచి, తడిగుడ్డతో తరాజు రెండు పళ్లేలూ తుడిచి, ఖాళీ తరాజును కళ్ల ఎత్తుకు లేపేవాడు. ముల్లు అటూ ఇటూ ఊగి నిట్టనిలువుగా ఆగేదాకా ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. అది ఆగాకే బేరం. ఎవరికి తూచినా, గల్లీ పెద్దమనిషికైనా, చీటీ పట్టుకొచ్చిన పసిపిల్లకైనా, ముల్లు ఆగాలి. సరుకు పొట్లంలో పోశాక మాత్రం చేత్తో గుప్పెడు తీసి పైన వేసేవాడు. అది కొసరు. నవ్వుతూ మాట్లాడేవాళ్లకూ వేసేవాడు, రోజూ కయ్యానికి దిగేవాళ్లకూ వేసేవాడు. ఆ కొసరు ఏదో తరాజులోనే వేస్తే పని తొందరగా అవుతుంది కదా అని ఒకసారి అడిగాను. "కొసరు చేతిల నుంచి పోవాలె బిడ్డా, తరాజుల నుంచి గాదు" అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు అనుకుంటాను, ఆయన వెనక అన్నం తింటున్నాడు, నేను దుకాణంలో ఉన్నాను. మా లెక్కల టీచరమ్మ చింతపండుకు వచ్చింది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, నాకు లెక్కలు రావు. సరుకు పళ్లెం అడుగున చిటికెన వేలు ఆనించాను. పళ్లెం పైకే ఉంటుంది గనక ఇంకాస్త వేయొచ్చు, చూసేవాళ్లకు తూకం సరిగానే ఉన్నట్టుంటుంది. పరదా పక్కకు జరిగింది. బాపు ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని నిలబడి ముల్లునే చూస్తున్నాడు. "వేలు వెడితే ముల్లు వణుకుతది" అన్నాడు. తిట్టలేదు. చింతపండంతా దించి, టీచరమ్మ ఎదుటే నాచేత మళ్లీ తూయించాడు. చెయ్యి కడుక్కొచ్చి పొట్లం మీద పెద్ద గుప్పెడు కొసరు వేశాడు. నేను దొంగతనంగా ఇవ్వబోయినదానికంటే అది ఎక్కువే. అవమానంతో నాకు చెవులు కాలిపోయాయి. లెక్కల్లో మార్కులు కూడా రాలేదు.

హైదరాబాద్ అవతల శిక్షణలో చేరినప్పుడు మేం ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. అక్కడ మనిషిని మనిషిగా ముందు ఎవరూ చూసేవాళ్లు కాదు. బూట్ల మెరుపు చూసేవాళ్లు, రేడియోలో గొంతు వినేవాళ్లు, నేల తాకేటప్పుడు చక్రాల చప్పుడు వినేవాళ్లు. అందరూ అన్నీ చూసేవాళ్లు, అందరూ అన్నిటికీ మార్కులు వేసేవాళ్లు. మమ్మల్ని మరీ చూసేవాళ్లు. అబ్బాయి విమానం కాస్త గట్టిగా దించితే "ఈరోజు గాలి బాలేదు" అనే ఒక శిక్షకుడు, నేను అంతే గట్టిగా దించితే "వంటగది కాదమ్మా ఇది" అని సున్నా వేసేవాడు. ఇంకొకాయన మేం ఏం చేసినా తల ఊపేవాడు. ఒకరు పళ్లెం పైన వేలు పెడితే ఇంకొకరు కింద పెట్టారు. ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసుకునే భాగ్యం మాకు లేదు.

సమ్మయ్యది డోర్నకల్ దగ్గర పల్లె. వాళ్ల నాయినది వ్యవసాయం. ఇంగ్లీషు నా అంతే వచ్చు, అంటే రాదు. మెస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని తెలుగులో గొణుక్కునేవాళ్లం. పచ్చడి లేక ప్రాణం పోతోందని అతను, బెల్లం లేక నాది పోతోందని నేను. ఎవరైనా మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగితే బట్టలతోనే ఎత్తుకెళ్లి నీళ్లతొట్టిలో పడేయడం అక్కడి ఆనవాయితీ. నేను దిగినరోజు అందరూ తొట్టి చుట్టూ చేరారు గానీ ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఒకడు మొహమాటంగా మగ్గుతో నాలుగు చుక్కలు చిలకరించాడు, పేరంటంలో పన్నీరు చల్లినట్టు. ఏడుపొచ్చింది. సమ్మయ్య పరిగెత్తుకెళ్లి బకెట్ నిండా నీళ్లు తెచ్చి నా నెత్తిన గుమ్మరించాడు. "అందరికి తొట్టైతె నీకు మగ్గేంది?" అన్నాడు. ఆ నీళ్లు చెవుల్లోంచి కారుతుంటే ఎంత సంతోషమో. నన్ను ఎవరైనా అంత సమంగా తూచడం అదే మొదలు.

ఆఖరి పరీక్ష మా ఇద్దరికీ ఒకే రోజు పడింది. పరీక్షకుడు ఒకరే, మీసాలాయన, మంచివాడని పేరు. ఆ విమానంలో పరీక్షకుడూ అభ్యర్థీ పక్కపక్కనే కూర్చుంటారు. విమానాన్ని నడిపే పిడిని మేం కర్ర అనేవాళ్లం. ఇద్దరికీ చెరొకటి ఉంటుంది, రెండూ లోపల కలిసే ఉంటాయి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. పరీక్షలో పరీక్షకుడు కర్ర పట్టుకోవాల్సి వచ్చిందా, అభ్యర్థి ఫెయిల్. అందులో రెండో మాట లేదు. పైనంతా బాగానే చేశాను. దిగేటప్పుడు నేల నా వైపు లేచి వస్తోంది, పొద్దుటి ఎండలో రన్‌వే నీళ్లలా మెరుస్తోంది, నేను ఆ మెరుపులో పడి విమానం ముక్కు ఒక క్షణం ముందే ఎత్తేశాను. విమానం గాలిలో తేలింది. ఇక దబ్బున పడాలి. అప్పుడు నా అరచేతిలో కర్ర తేలికైంది. సన్నగా వణికింది. ఆ వణుకు నాకు పదేళ్లప్పటినుంచీ తెలుసు. ఆయన చెయ్యి ఆయన కర్ర మీద ఉంది. చక్రాలు మెత్తగా ఆనాయి.

కాగితం మీద పాస్ అని ఉంది. నేను అక్కడే నిలబడిపోతే ఆయన తలెత్తకుండా అన్నాడు, "ఆ కాగితం మీద నీ పేరు ఒక్కటే లేదమ్మా. నేను ఫెయిల్ రాస్తే రేపు ఆడపిల్లలు పనికిరారంటారు. వెళ్లు." తర్వాతి వంతు సమ్మయ్యది. అదే విమానం, అదే ఎండ. గంట తర్వాత వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "మెరుపుల వడి ఎత్తేసిన. ఆయన పట్టుకున్నడు" అన్నాడు. అతని కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి ఉంది. "నీదేమైంది?" అని అడిగాడు. పాసని చెప్పాను. నా భుజం తట్టాడు.

శనివారం రైలెక్కి ఇంటికొచ్చాను. బాపు దుకాణంలో ఉన్నాడు. ఆయనకు విమానం గురించి తెలిసింది తక్కువ, నేను చెప్పింది మాత్రం మొదటిమాటకే అర్థమైంది.

"కర్ర వణికిందా?"

"వణికింది బాపు."

"అయితె మళ్ల తూయించుకో." కాసేపు బెల్లం దిమ్మల మీద గుడ్డ సర్దాడు. "నీతోని ఇంకెవలన్న ఉన్నరా?"

"సమ్మయ్యని ఒకాయన. నా లెక్కనే చేసిండు. ఫెయిలయిండు."

"మరి ఆయనది?"

"ఆయనది సరిగ్గనే తూసిన్రు బాపు. ఉన్నదే రాసిన్రు."

బాపు తరాజు దించి, తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడిచాడు.

సోమవారం పొద్దున శిక్షణ కేంద్రం పెద్దసారు ముందు నిలబడ్డాను. చొక్కా మీదికి రావాల్సిన పైలట్ రెక్కల గుర్తు పోవచ్చు, ఇంటికి పంపొచ్చు. అంతా చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ, చివరికి వేరే పరీక్షకుడితో మళ్లీ పరీక్ష అన్నాడు. మళ్లీ అవకాశం ఇవ్వడం రూలు కాదు, ఆయన ఇష్టం. "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు. కిటికీలోంచి మా గదుల వరస కనిపిస్తోంది. సమ్మయ్య వరండాలో ట్రంకు పెట్టె ముందు కూర్చుని బట్టలు మడతపెడుతున్నాడు. సాయంత్రం బండికి అతన్ని పంపించేస్తున్నారు. నాకు దొరికింది జారిపోతుందేమోనని భయమేసింది. "లేదు సార్" అన్నాను.

మర్నాడు ఎగిరాను. కొత్త పరీక్షకుడు ఎక్కింది మొదలు దిగేదాకా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు నాకు కనబడుతూనే ఉన్నాయి. మెరుపు వచ్చింది, ఆగాను, ఇంకా ఆగాను, ఎత్తాను. ఒకసారి ఎగిరిపడి ఆగింది. "గట్టిగానే దించావు. కానీ నువ్వే దించావు" అన్నాడాయన. తర్వాత నేనూ శిక్షకురాలినయ్యాను, పరీక్షలు పెట్టాను. అమ్మాయైనా అబ్బాయైనా నా చేతులు నా మోకాళ్ల మీదే ఉండేవి. ఫెయిల్ రాసిన రోజున వాళ్లను కూర్చోబెట్టి టీ ఇప్పించేదాన్ని, మళ్లీ పరీక్షకు నేనే పై అధికారులకు రాసేదాన్ని. అదే బాపు చెప్పిన కొసరనుకుని మురిసేదాన్ని. ఈ కథంతా ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. అందులో సమ్మయ్య ఎప్పుడూ లేడు.

ఇప్పటి పిల్లలకు విమానంలో ప్రతి కదలికా యంత్రం రాసిపెడుతుంది, ఎవరి చెయ్యి ఎప్పుడు పడిందో దాచలేరట. మంచిదే. అయితే ఏ యంత్రమూ పెద్దసారు గదిలో నేను అన్న ఆ రెండు మాటల్ని రాసుకోలేదు. మళ్లీ తూయించుకోవడం నిజాయితీ అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అది నాకు ఒక్కదానికే తరాజులో పడిన కొసరు. మంచం మీద కూర్చుని ఆ మాట అనుకున్నాక, తలమీది అద్దాలు కళ్లకు దించుకుని హాల్లోకి వచ్చాను.

కాగితం చివరిదాకా చదివాను. తొందరపడలేదు.

"ఫెయిలే సమ్మయ్యా" అన్నాను. "నేనున్నా గిదే రాద్దును."

అతను తల ఊపాడు. మొహంలో ఏదో సడలింది. "గంతే. గీ ఒక్క ముచ్చట తెల్వక, ఇంజన్ నడుపుకుంట నడుపుకుంట ఎన్నిసార్లు ఆ రన్‌వే మీద దిగిన్నో." కాగితం మడత వేలితో సరిచేశాడు. "పేపర్ల చదివిన. నువ్వు మళ్ల పరీక్ష అడిగిన్నాడు నేను ఇంక ఆడ్నే ఉన్న గద?"

"ఉన్నవ్. వరండాల బట్టలు మడతవెడుతున్నవ్. నాకు కనవడ్డవ్."

"నా సంగతి చెప్పినవా?"

"చెప్పలే. ఇంకేమన్న చెప్పాల్నా అని అడిగిండు కూడ. లేదన్న."

ఫ్యాను గాలికి తరాజు పళ్లెం ఒకటి గోడకు తగిలి చిన్నగా మోగింది. సమ్మయ్య టీ గ్లాసు వైపు చూశాడు, అది ఎప్పుడో ఖాళీ అయింది. క్షమించమని అడగలేదు. అలా అడిగితే ఆ బరువు కూడా అతని నెత్తినే పెట్టినట్టవుతుంది.

"మళ్ల పరీక్ష దొర్కితే పాసయ్యేటోన్నో లేదో" అన్నాడు చివరికి, మెల్లగా. "గది నీకు తెల్వది, నాకు తెల్వది." చొక్కా జేబులోంచి పెన్ను తీసి, కాగితం వెనక్కి తిప్పి, నా ముందుకు జరిపాడు. "రాయి. పరీక్షకులు రాస్తరు గద, గట్ల."

రాశాను. "ఫలితం సరైనదే. ఇదే రోజు ఇదే తప్పు చేసిన నాకు మరో అవకాశం దొరికింది. ఈ అభ్యర్థికి కూడా దొరకవలసింది." కింద సంతకం చేశాను. అతను అద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, రెండుసార్లు చదివాడు. ఒకచోట వేలు పెట్టాడు.

"గీడ అభ్యర్థి అని రాసినవ్."

"పరీక్ష కాయితాలల్ల గట్లనే రాస్తం."

"పేరు రాయి శోభా."

ఆ మాట కొట్టేసి, పైన పేరు రాశాను. పెద్దసారు ముందు నా నోట రాని పేరు. మూడంటే మూడు అక్షరాలు.